గవ్వకి తెచ్చిన తోలుపుల్ల

అనగనగా, కొల్లేటి పక్కన, చుట్టూ చేపల చెరువులే ఉన్న ఒక ఊళ్ళో, ఏడుకొండలు అని ఒక లారీ డ్రైవరు ఉండేవాడు. దగ్గరికి జరుగు తల్లీ, దుప్పటి కాళ్ళ మీదికి లాక్కో. ఇది కొంచెం ఏడుపొచ్చే కథ. ఏడుపొస్తే ఏడువు, నేనేం అనను.

ఏడుకొండలు ఆ ఊళ్ళో పట్టిన చేపల్ని ఐసుముక్కల్లో సర్ది, లారీకెత్తుకుని కలకత్తా తీసుకెళ్ళేవాడు. వెళ్ళడానికి రెండు రోజులు, రావడానికి రెండు రోజులు. అక్కడ సరుకు దిగి, మళ్ళీ తిరుగు సరుకు దొరికేదాకా ఇంకో రెండు రోజులు. అలా ఆరు రోజులు రోడ్డు మీదుండి, ఒక్క రోజు ఇంట్లో ఉండేవాడు.

అతని భార్య పేరు నాంచారమ్మ. ఆవిడ అరుగు మీద కూర్చుని, చెరువుల వాళ్ళు తెచ్చిచ్చిన చిరుగు వలలు బాగుచేసేది. వాళ్ళకి ఒక పాప పుట్టింది గానీ దక్కలేదు. ఆ తర్వాత పిల్లలు కలగలేదు. ఆ ఇంట్లో మాటలు కూడా తగ్గిపోయాయి.

ఏడుకొండలు చెడ్డవాడు కాదు. భార్య పక్కన కూర్చుంటే ఏం మాట్లాడాలో అతనికి తోచేది కాదు, అంతే. అందుకని వచ్చినప్పుడల్లా ఏదో ఒకటి తెచ్చేవాడు. ఒకసారి శంఖం గాజులు తెచ్చాడు. ఒకసారి బెంగాలు చీర తెచ్చాడు. ఒకసారి కుండ నిండా రసగుల్లాలు తెచ్చాడు. తెచ్చి ఆవిడ చేతిలో పెట్టి, నీళ్ళు పోసుకుని, తిని పడుకునేవాడు.

అప్పుడు ఒక రోజు ఐసు ఫ్యాక్టరీ వాళ్ళ ఇంట్లో కుక్క పిల్లల్ని పెట్టింది. తెల్లటి బొచ్చు కుక్కలు, పొమేరియన్ అంటారు చూడు, అవి. మూడు పిల్లల్లో అన్నిటికంటే చిన్నది లేచి నిలబడలేకపోయింది. అది బతకదు, వదిలెయ్యమన్నారు ఆ ఇంటివాళ్ళు. నాంచారమ్మ దాన్ని కొంగులో వేసుకుని ఇంటికి తెచ్చుకుంది. దూదిని పాలలో ముంచి దాని నోట్లో పిండింది. పక్కలో పెట్టుకుని వెచ్చగా పడుకోబెట్టింది. అది బతికింది.

తెల్లగా, గుండ్రంగా ఉందని దానికి గవ్వ అని పేరు పెట్టింది. ఏడాది నిండినా గవ్వ పెద్దగా ఎదగలేదు. వలల కుప్ప మీద పడుకుంటే, ఎవరో తెల్ల తువ్వాలు మడిచి పెట్టారనుకునేవాళ్ళు.

గవ్వ వచ్చాక ఆ ఇంట్లో మళ్ళీ మాటలు వినపడ్డాయి. లారీ హారను వినగానే గవ్వ వీధి చివరిదాకా పరిగెత్తేది. ఏడుకొండలు కిందికి దిగితే, అతని పిక్కల మీద ముందుకాళ్ళు ఆనించి నిలబడేది.

అప్పుడు అతను వంగి, "ఏమే గవ్వా, అమ్మ నిన్ను బాగా చూసుకుందా? మరి అమ్మ ఎలా ఉంది? అన్నం సరిగ్గా తింటోందా?" అని అడిగేవాడు. భార్యని అడగాల్సినవన్నీ గవ్వని అడిగేవాడు.

నాంచారమ్మ అరుగు మీద నుంచి వినేది. విని, గవ్వ తరఫున తనే జవాబు చెప్పేది. "మొన్న జొరమొచ్చింది. ఇప్పుడు తగ్గింది, తింటోంది" అనేది. అలా మధ్యలో ఆ చిన్న ప్రాణాన్ని పెట్టుకుని ఆ మొగుడూ పెళ్ళాం మాట్లాడుకునేవాళ్ళు.

ఇక ఏడుకొండలు కానుకలన్నీ గవ్వకే. మూడుసార్లు తెచ్చాడు. ఆ మూడింటి గురించే తల్లీ ఈ కథ.

మొదటిసారి, దారిలో దాబాలో కోడికూర తిన్నాడు. మిగిలిన బొమికల్ని కాగితంలో చుట్టి తెచ్చాడు. కుక్కకి బొమిక కంటే ఏం కావాలి అనుకున్నాడు. గవ్వ సంబరంగా కొరికింది. కొరికిన కాసేపటికి మూతిని నేలకేసి రుద్దడం మొదలుపెట్టింది. నోట్లోంచి నెత్తురు కారింది. ఇద్దరూ కంగారుగా పశువుల ఆసుపత్రికి తీసుకెళ్ళారు. అక్కడ శశిరేఖ అని ఒక డాక్టరమ్మ ఉండేది. ఆవిడ నోరు తెరిచి చూసి, అంగిట్లో గుచ్చుకున్న ముక్కని పట్టకారుతో తీసింది.

"ఉడికిన బొమిక నిలువునా చీలిపోతుందండీ. సూదిలా తయారవుతుంది. ఇది నోట్లో ఆగింది కాబట్టి సరిపోయింది. పేగుల్లోకి పోయి ఉంటే నా చేతిలో ఉండేది కాదు" అంది.

ఏడుకొండలు తల వంచుకుని, సరేనన్నాడు.

రెండోసారి, కలకత్తాలో కుక్కల సామాన్లు అమ్మే కొట్టుకి వెళ్ళాడు. బొమిక వద్దు, ఇంకేదైనా గట్టిది ఇమ్మన్నాడు. కొట్టువాడు ఎండబెట్టిన గిట్ట ఒకటి ఇచ్చాడు. నెలల తరబడి నమిలినా అరగదన్నాడు. నిజమే, అది అరగలేదు. గవ్వ పన్నే విరిగింది. రెండు రోజులు అన్నం ముట్టలేదు, దవడ ముట్టుకోనివ్వలేదు. మళ్ళీ డాక్టరమ్మ దగ్గరికి వెళ్ళారు. ఆవిడ మత్తిచ్చి పన్ను తీసేసింది.

ఆ తర్వాత డాక్టరమ్మ వాళ్ళిద్దర్నీ బల్ల దగ్గర కూర్చోబెట్టింది. "మీకు ఇదంటే ప్రాణమని నాకు తెలుసు. అందుకే మూడు మాటలు చెప్తాను, గుర్తుపెట్టుకోండి. నమలడానికి ఏది ఇచ్చినా ముందు దాని మీద బొటనవేలి గోరు నొక్కి చూడండి. గోరు దిగకపోతే పన్ను కూడా దిగదు. రెండోది, అది మొత్తం నోట్లో పట్టేంత చిన్నదిగా ఉండకూడదు. నమిలి నమిలి చిన్నదైపోగానే లాగేసుకోవాలి. ఇంత చిన్న కుక్కకి గొంతెంతుంటుందో ఆలోచించండి, మీ చిటికెనవేలంత. మూడోది, అది నములుతున్నంతసేపూ పక్కన మనిషి ఉండాలి. ఉండి, చూస్తూ ఉండాలి."

ఏడుకొండలు ఆ మూడు మాటల్నీ లారీలో వల్లించుకుంటూ వెళ్ళాడు. నిజంగానే గుర్తుపెట్టుకున్నాడు తల్లీ. మరిచిపోయిన పాపం కాదు అతనిది.

మూడోసారి అదే కొట్టుకి వెళ్ళాడు. ఈసారి ఒక్కొక్కటే తీసి గోరు నొక్కి చూశాడు. కొట్టువాడు నవ్వినా పట్టించుకోలేదు. చివరికి తోలుని మెలితిప్పి ఎండబెట్టిన పుల్ల ఒకటి దొరికింది. గోరు దిగింది. జానెడు పొడవుంది, నోట్లో పట్టదు. చిన్న కుక్కలకే చేశారని కొట్టువాడూ చెప్పాడు. ఏడుకొండలు దాన్ని చొక్కా జేబులో పెట్టుకుని, దారి పొడుగునా తడిమి చూసుకుంటూ వచ్చాడు.

ఆ వారం బరంపురం దగ్గర లారీ ఆగిపోయింది. బాగుచేయించడానికి ఒక రోజు పట్టింది. ఆలస్యమైందని అతను పగలూ రాత్రీ కంటి మీద కునుకు లేకుండా నడుపుకుంటూ వచ్చేశాడు. ఊరు చేరేసరికి పొద్దున్న పదయింది. గవ్వ ఎప్పట్లా పరిగెత్తుకొచ్చింది. అతను తోలుపుల్ల తీసి నాంచారమ్మకి చూపించాడు.

"గోరు దిగుతోంది. పెద్దదే కదా?" అన్నాడు, బడిలో లెక్క చేసి చూపించిన పిల్లాడిలా.

నాంచారమ్మ కూడా గోరు నొక్కి చూసింది. బాగానే ఉందంది. అప్పుడు గవ్వకి ఇచ్చారు. అది నులక మంచం కింద దూరి, పుల్లని రెండు కాళ్ళ మధ్య పట్టుకుని నమలసాగింది.

నాంచారమ్మకి చెరువు మీదికి వెళ్ళి వలలు ఇచ్చి రావాల్సిన పని ఉంది. "నేను గంటలో వస్తాను. కాస్త చూస్తుండు. చిన్నదవ్వగానే లాగేసుకో" అంది.

"నేనుంటాగా. వెళ్ళిరా" అన్నాడు ఏడుకొండలు.

అతను మంచం మీద కూర్చుని చూశాడు. కాసేపు బాగానే చూశాడు. నడుము లాగుతుంటే ఒక పక్కకి ఒరిగాడు. ఒరిగి, చెయ్యి కిందికి జార్చి గవ్వ వీపు మీద వేశాడు. కళ్ళు మూతపడుతున్నాయి. మూసుకున్నా ఏం కాదులే, చెయ్యి దాని మీదే ఉందిగా అనుకున్నాడు. అలా అనుకుంటూనే నిద్రపోయాడు.

ఎంతసేపు నిద్రపోయాడో అతనికి తెలీదు. మెలకువ వచ్చేసరికి చేతి కింద ఏమీ లేదు.

గవ్వ పెరట్లో నీళ్ళ తొట్టి పక్కన ఉంది. మెడ చాపి, ముందుకాలితో మూతిని గీరుకుంటోంది. అరవడం లేదు. అరుపు రావడం లేదు. నాలుక నీలంగా తిరిగింది. ఏడుకొండలు పరిగెత్తి దాని నోట్లో వేలు పెట్టాడు. లోపల జిగటగా ఏదో తగిలింది, వేలికి చిక్కలేదు. తలకిందులుగా పట్టుకుని వీపు మీద తట్టాడు. రాలేదు. మళ్ళీ తట్టాడు. రాలేదు. అప్పుడు దాన్ని చొక్కా లోపల పెట్టుకుని, మోపెడ్ తీశాడు.

చెరువు గట్టు మీద నాంచారమ్మ ఎదురొచ్చింది. ఆవిడ వెనకెక్కి, గవ్వని ఒళ్ళోకి తీసుకుంది. దారంతా దాని ఛాతీ మీద అరచెయ్యి పెట్టుకుని కూర్చుంది. ఆసుపత్రికి ఇంకాస్త దూరం ఉందనగా ఆ చేతి కింద కొట్టుకోవడం ఆగిపోయింది. ఆవిడ ఆ మాట చెప్పలేదు. చెప్తే అతను బండి ఆపేస్తాడని.

డాక్టరమ్మ గబగబా గొంతులోంచి ముక్క లాగింది. ఛాతీ నొక్కింది. చాలాసేపు నొక్కింది. ఆ తర్వాత చేతులు తీసేసి, కళ్ళద్దాలు తీసి తుడుచుకుంది.

తోలుముక్క బల్ల మీద ఉంది. తెల్లగా ఉబ్బి, బొటనవేలంత అయింది. "తోలు ఎండినప్పుడే చిన్నదండీ. నోటి తడి తగిలితే ఉబ్బుతుంది. నేను ఆ రోజే తోలు గురించి కూడా చెప్పాల్సింది. ఇంత చిన్నదానికి ఇది అసలు ఇవ్వకూడదు" అంది డాక్టరమ్మ. ఆ తర్వాత "పక్కన ఎవరున్నారు?" అని అడిగింది.

"నేనే ఉన్నాను. చూస్తూనే ఉన్నాను. చూస్తుండగానే గుటుక్కున మింగేసింది" అన్నాడు ఏడుకొండలు.

అది మొదటి అబద్ధం.

ఇంటికి తెచ్చి, నాంచారమ్మ పాత చీర చింపి గవ్వని చుట్టింది. పెరట్లో మునగచెట్టు పక్కన గొయ్యి తీశారు. ఐసు ఫ్యాక్టరీ వాళ్ళూ, వీధిలోవాళ్ళూ వచ్చారు. ఎలా జరిగిందయ్యా అంటే, ఏడుకొండలు మళ్ళీ అదే చెప్పాడు. చూస్తుండగానే మింగేసిందన్నాడు. అది రెండో అబద్ధం.

పొద్దు వాలుతుండగా నాంచారమ్మ వచ్చి అతని ఎదురుగా నిలబడింది. "నువ్వు చూస్తుండగానే జరిగిందా?" అని ఒక్కసారి అడిగింది.

"చూస్తుండగానే" అన్నాడు.

అది మూడోది. మొదటి రెండింటికంటే అది బరువైంది తల్లీ. ఆవిడ లోపలికి వెళ్ళిపోయింది.

ఆ తర్వాత ఏడుకొండలు మళ్ళీ లారీ ఎక్కాడు. వారానికోసారి వచ్చేవాడు. నాంచారమ్మ అన్నం పెట్టేది, బట్టలు ఉతికి ఆరేసేది, తన వలలు తను చూసుకునేది. మంచివాళ్ళే ఇద్దరూ. కానీ ఆ ఇంట్లో కంచాల చప్పుడు తప్ప ఇంకేదీ వినపడేది కాదు. ఒకసారి అతను చీర తెస్తే, ఆవిడ మడత విప్పకుండానే పెట్టెలో పెట్టేసింది. గవ్వ కోసం ఆవిడ ఏడవగా అతను చూడలేదు. ఆవిడ ఏడవకపోవడం అతనికి ఏడుపు కంటే కష్టంగా ఉండేది.

రోడ్డు మీద ఉన్నప్పుడు, ఏదో ఒకసారి నిజం చెప్పేయాలి అనుకునేవాడు. విజయనగరం దాటేదాకా మాటలు కూర్చుకునేవాడు. ఇంటికొచ్చి ఆవిడ మొహం చూస్తే ఒక్కటీ వచ్చేది కాదు. ఉన్న ఆ కాస్తా కూడా పోతుందేమోనని భయం.

అలా రెండు నెలలు గడిచాయి. ఒక రోజు ఏడుకొండలు ఇంట్లో ఉండగా, ఐసు ఫ్యాక్టరీ వాళ్ళ పాప తులసి వచ్చింది. నీ అంత ఉంటుందేమో, ఏడేళ్ళు. గవ్వతో పాటు పుట్టిన కుక్క ఒకటి వాళ్ళింట్లోనే ఉంది కదా. దాని పేరు బంతి. తులసి దాన్ని చంకలో ఎత్తుకుని వచ్చింది. రెండో చేతిలో తోలుపుల్ల ఉంది. అచ్చం అలాంటిదే.

"మావయ్యా, మా బాబాయి ఇది తెచ్చాడు. బంతికి ఇవ్వొచ్చా?" అంది.

ఏడుకొండలు ఆ పుల్లనే చూస్తూ ఉండిపోయాడు.

"నువ్వు చూస్తున్నా గవ్వ మింగేసిందట కదా. మరి చూసినా, చూడకపోయినా ఒకటే కదా, రాసిపెట్టి ఉంటే జరుగుతుంది అంది మా నానమ్మ. నేను దీన్ని బంతికి ఇచ్చేసి ఆడుకోవడానికి వెళ్తాను" అంది ఆ పిల్ల.

అరుగు మీద నాంచారమ్మ వల బాగుచేస్తోంది. ఆవిడ చెయ్యి ఆగింది. తలెత్తలేదు.

ఏడుకొండలు ఆ పిల్లని చూశాడు, బంతిని చూశాడు. అది కూడా తెల్లగా, మెత్తగా, నోరు తెరిచి రొప్పుతోంది. తన అబద్ధం ఊళ్ళో ఎంత దూరం నడిచిందో అప్పుడు తెలిసింది అతనికి. అది వెళ్ళి ఇంకో ఇంటి తలుపు కూడా తట్టింది.

కింద కూర్చున్నాడు. కూర్చుని, "చూడటం వేరు, చూడకపోవడం వేరమ్మా" అన్నాడు. "నేను చూడలేదు. మంచం మీద పడుకుని నిద్రపోయాను. అది నమిలి నమిలి చిన్న ముక్క చేసింది. నేను మేలుకుని ఉంటే లాగేసేవాణ్ణి. అది పెరట్లో ఊపిరాడక కొట్టుకుంటుంటే నేను నిద్రపోతున్నాను."

తులసికి అంతా అర్థమైందో లేదో. తోలుపుల్ల తీసి అతని చేతిలో పెట్టింది. బంతిని రెండు చేతులా గట్టిగా పట్టుకుంది.

అప్పుడు ఏడుకొండలు ఆ పిల్లతో పాటు వాళ్ళింటికి వెళ్ళి, వాళ్ళ నానమ్మకీ నాన్నకీ అదే మాట చెప్పాడు. తోలువి అసలు వద్దన్నాడు. ఇంకేది ఇచ్చినా పక్కన కూర్చోమన్నాడు. ఆ తర్వాత ఆసుపత్రికి వెళ్ళి డాక్టరమ్మకి చెప్పాడు. ఆవిడ, "చెప్పి మంచి పని చేశారండీ. నా దగ్గరికి వచ్చేవాళ్ళకి చెప్తాను" అని మాత్రం అంది. ఆ ఊళ్ళో మళ్ళీ ఏ కుక్కకీ అలా కాలేదు. బంతి ముసలిదై, కళ్ళు కనపడకుండా పోయేదాకా బతికింది.

అతను ఇంటికి తిరిగొచ్చేసరికి నాంచారమ్మ అరుగు మీదే ఉంది. అతను మెట్టు మీద కూర్చున్నాడు.

"నీకు ముందే చెప్పాల్సింది" అన్నాడు.

"నాకు తెలుసు" అంది నాంచారమ్మ. "చెరువు గట్టు మీద నువ్వు ఎదురొచ్చినప్పుడే తెలుసు. నీ చెంప మీద నులక అచ్చులు పడి ఉన్నాయి."

ఏడుకొండలు చెంప తడుముకున్నాడు, ఇంకా అక్కడే ఉన్నట్టు.

"మరి నన్ను ఎందుకు నిలదీయలేదు?"

"ఆ సాయంత్రం అడిగాను. చూస్తుండగానే అన్నావు. రెండో సారి అడిగితే అది నువ్వు చెప్పినట్టు ఎలా అవుతుంది? ఎప్పటికైనా నువ్వే చెప్తావని చూశాను. వారం వారం చూశాను. నువ్వు నిద్రపోయావని కాదయ్యా నా బాధ, అది పోయిన దుఃఖంలో నన్ను ఒంటరిగా వదిలేశావు."

"కోపంగా ఉందా?"

"ఉంది. పోలేదు. ఎప్పుడు పోతుందో నాకూ తెలీదు" అంది.

అలా అంటూనే ఆవిడ ఒళ్ళోని వలలో మొహం పెట్టుకుని ఏడ్చింది. గవ్వ కోసం ఏడ్చింది. దక్కని పాప కోసం కూడా ఏడ్చిందేమో, ఎవరికి తెలుసు. ఏడుకొండలు లేచి వెళ్ళి పక్కన కూర్చున్నాడు. ఏం మాట్లాడాలో అప్పుడు కూడా తెలియలేదు. తెలియకపోయినా కూర్చున్నాడు. ఆ రోజు ఆ ఇంట్లో పొయ్యి వెలగలేదు.

తెల్లారి అతను మళ్ళీ కలకత్తా బయల్దేరాడు. నాంచారమ్మ సద్ది కట్టి, తనే లారీ దాకా తీసుకొచ్చింది. అలా ఆవిడ ఎప్పుడూ రాలేదు. అతను ఎక్కి కూర్చున్నాక సద్ది అందించింది. కళ్ళు ఇంకా వాచి ఉన్నాయి.

"దారిలో నిద్రొస్తే బండి పక్కకి ఆపుకుని పడుకో. ఆలస్యమైనా ఫర్వాలేదు. నిద్ర ఆపుకుని రాకు" అంది.

ఏడుకొండలు తలూపాడు. లారీ మలుపు తిరిగేదాకా ఆవిడ అక్కడే నిలబడింది.

అంతే తల్లీ. కళ్ళు తుడుచుకో. ఆ చెయ్యి ఇలా నా మీద వేసి పడుకో.

కథేమో కంచికి,
కునుకేమో కంటికి,
నువ్వూ నేనూ పక్కకి.